మంచు దాచిన సీసం లెక్క

అక్కడ చెట్టు లేదు, పుట్ట లేదు. కాకి కూడా అరవదు. ఏ దిక్కు చూసినా తెల్లటి మైదానం, దాని అంచున ఆకాశం... అంతే! వేసవిలో సూర్యుడు అస్తమించడు. గుడి చుట్టూ ప్రదక్షిణం చేస్తున్నట్టు ఆకాశంలో చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. చలికాలంలో నెలల తరబడి అసలు కనిపించడు.

గ్రీన్‌లాండ్ వాయవ్య భాగంలో, తీరం నుంచి రెండొందల కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్తే వచ్చే చోటు ఇది. పేరు క్యాంప్ సెంచరీ. పేరుంది కానీ ఊరు లేదు. ఇప్పుడు అక్కడ నిలబడితే చూడటానికి ఏమీ ఉండదు. ఉన్నదంతా కాళ్ల కింద, మంచు బరువుకి నలిగిపోయి పడి ఉంది.

1965లో ఇక్కడికి కాలిఫోర్నియా నుంచి కొందరు రసాయన శాస్త్రవేత్తలు వచ్చారు. బంగారం కోసం కాదు, చమురు కోసం కాదు. సీసం కోసం! అదీ గనిలో దొరికే సీసం కాదు. మంచులో ఉన్నదో లేదో తెలియనంత సీసం. మన లెక్కలో చెప్పాలంటే, వాళ్లు వెతికిన పాత మంచుని కరిగించి ఒక టీఎంసీ నీళ్లు చేస్తే అందులో ఉండే సీసం 28 గ్రాములకు మించదు. ఓ నిమ్మకాయ బరువు కూడా ఉండదన్నమాట. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు పేపర్లో చదివే టీఎంసీ గుర్తుందిగా... అంత నీటిలో అంత పిసరు!

దాన్ని పట్టుకోవడానికి వాళ్లు పడ్డ పాట్లే ఈ చోటుని ప్రపంచ చరిత్రలో నిలబెట్టాయి. పెట్రోలు బంకుల దాకా, పిల్లల ఒంట్లోని నెత్తురు దాకా ఆ కథ సాగింది.

పచ్చదనం పేరులోనే

గ్రీన్‌లాండ్ ప్రపంచంలోకెల్లా పెద్ద దీవి. విస్తీర్ణం 21 లక్షల చదరపు కిలోమీటర్లకు పైమాటే. జనం మాత్రం 56 వేల మంది. మన దగ్గర ఓ మాదిరి మున్సిపాలిటీ అంత! దీవిలో ఎనభై శాతం మంచు కిందే ఉంటుంది. కొన్నిచోట్ల ఆ మంచు మందం మూడు కిలోమీటర్లు దాటుతుంది. వెయ్యేళ్ల కిందట ఇక్కడికి వచ్చిన ఎరిక్ ద రెడ్ అనే ఆసామి, మంచి పేరు పెడితే జనం వస్తారని 'పచ్చని నేల' అని పిలిచాడట. రియల్ ఎస్టేట్ బ్రోషర్లకి ఆయనే ఆద్యుడు అనుకోవచ్చు.

డెన్మార్క్ పాలన కింద స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతం కాబట్టి దారి ఎక్కువగా కోపెన్‌హాగెన్ మీదుగానే. అక్కడి నుంచి రాజధాని నూక్‌కి నాలుగున్నర గంటల పైన ప్రయాణం. 2024 నవంబరులో నూక్‌లో పెద్ద విమానాలు దిగే రన్‌వే తెరిచారు. అంతకుముందు దశాబ్దాల పాటు అందరూ కంగెర్‌లుస్సువాక్‌లో దిగి, చిన్న విమానం మారాల్సి వచ్చేది. ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు ఉండవు. విమానమో, పడవో, హెలికాప్టరో, చలికాలమైతే కుక్కలు లాగే బండో ఎక్కాలి.

కంగెర్‌లుస్సువాక్ మాత్రం చూడాల్సిన చోటు. ఒకప్పుడు ఓ కార్ల కంపెనీ తన బండ్లని మంచు మీద పరీక్షించడానికి ఇక్కడి నుంచి మట్టి రోడ్డు వేసుకుంది. ఆ కంపెనీ పోయింది, రోడ్డు మిగిలింది. దాని మీదుగా వెళ్తే నేరుగా మంచు ఫలకం అంచుకే చేరుకోవచ్చు. యాత్రికులు దిగి, ఫొటోలు తీసుకుని, కాస్త దూరం నడిచి వెనక్కి వచ్చేస్తారు. అసలు కథ ఆ అంచుకి అవతల, లోపలెక్కడో ఉంది.

లోపల కురిసే మంచు కరగదు. ఈ ఏడాది కురిసినదాని మీద వచ్చే ఏడాదిది పడుతుంది. కిందిది నలిగి గట్టిపడుతుంది. వేసవి పొర వేరు, చలికాలపు పొర వేరు కాబట్టి తెలిసినవాళ్లు చెట్టు వలయాల్ని లెక్కపెట్టినట్టు ఏళ్లని లెక్కపెట్టేస్తారు. పైగా మంచు ఒక్కటే పడదు. ఆ ఏడాది గాలిలో ఏమేం ఉన్నాయో అవన్నీ దాంతో పాటు దిగుతాయి. ఎడారి ధూళి, సముద్రపు ఉప్పు, అగ్నిపర్వతం బూడిద, పొగగొట్టాల మసి... అన్నీ. కరణంగారి పాత దస్త్రాల్లా వరసగా పేర్చి ఉంటాయి. చెద పట్టని దస్త్రాలు!

మంచు కింద ఊరు

క్యాంప్ సెంచరీని అమెరికా సైన్యం 1959లో మొదలుపెట్టి 1960లో పూర్తి చేసింది. తీరంలోని థూలే వైమానిక స్థావరం నుంచి ట్రాక్టర్లు లాగే స్లెడ్జి బళ్ల మీద సామాను రోజుల తరబడి లాక్కొచ్చారు. (ఆ స్థావరానికి 2023లో పిటుఫిక్ అని స్థానికుల పేరే పెట్టారు. ఆ స్థావరం కోసమే 1953లో అక్కడి ఇనుఘుయిట్ కుటుంబాల్ని ఉత్తరాన ఉన్న కానాక్‌కి తరలించారు. పేరు తిరిగొచ్చింది గానీ ఊరు రాలేదు.) స్విట్జర్లాండ్ యంత్రాలతో మంచులో లోతైన కందకాలు కోసి, వాటిపై ఇనప రేకుల కమాన్లు వేసి, మళ్లీ మంచు కప్పారు. అలా 21 సొరంగాలు. లోపల బ్యారక్‌లు, వంటశాల, గ్రంథాలయం, ప్రార్థనా మందిరం, ఆసుపత్రి, క్షవరశాల... రెండొందల మంది ఉండేలా ఓ ఊరే కట్టేశారు. కరెంటుకి చిన్న అణు రియాక్టరు. తాగునీటికి, మంచులోకి ఆవిరి పంపి కరిగించిన బావి.

పైకి చెప్పింది శాస్త్ర పరిశోధన. లోపలి ఆలోచన వేరు. మంచు కింద సొరంగాలు తవ్వి అందులో వందలాది అణు క్షిపణుల్ని దాచాలన్నది పథకం. ఆ సంగతి డెన్మార్క్‌కీ చెప్పలేదు. 1990ల్లో గానీ బయటికి రాలేదు. అయితే మంచుకి సైన్యం ఆజ్ఞలు పట్టవు కదా! అది మెల్లగా కదులుతూ, కుంగుతూ, సొరంగాల గోడల్ని లోపలికి నెట్టుకొచ్చింది. రియాక్టరుని తీసుకెళ్లిపోయారు. 1967 కల్లా శిబిరాన్నే వదిలేశారు. క్షిపణి ఒక్కటీ రాలేదు.

కానీ నెపంగా చెప్పిన శాస్త్ర పరిశోధన మాత్రం నిజంగానే జరిగింది. 1966లో ఇక్కడ 1,387 మీటర్ల లోతుకి డ్రిల్లు దించి, మంచు ఫలకం అడుగునున్న మట్టి దాకా కడ్డీని బయటికి తీశారు. అడుగు దాకా తీసిన మొదటి మంచు కడ్డీ అదే. చివర అంటుకొచ్చిన ఆ మట్టి ఏళ్ల తరబడి ఫ్రీజర్లలో మరుగునపడి, ఆనక కోపెన్‌హాగెన్‌లో బయటపడింది. అందులో మొక్కల పుల్లలూ ఆకులూ కనిపించాయని 2021లో ప్రకటించారు. అంటే ఒకప్పుడు ఇక్కడా పచ్చదనం ఉండేదన్నమాట. ఎరిక్ ద రెడ్ మరీ అబద్ధం చెప్పలేదు!

భూమి వయసు తేల్చిన మనిషి

సీసం కోసం వచ్చిన బృందంలో ముఖ్యుడు క్లెయిర్ ప్యాటర్సన్. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 1922లో పుట్టాడు. భూమి వయసు 455 కోట్ల సంవత్సరాలని లెక్క తేల్చింది ఈయనే. ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 1956లో ప్రచురించిన ఆ లెక్క ఇప్పటికీ పెద్దగా మారలేదు. చాలామంది ఆ ఒక్క ఘనతతో జీవితమంతా సన్మానాలు చేయించుకునేవారు. ఆయనకి మాత్రం ఆ పనిలో ఎదురైన చికాకే తర్వాతి జీవితమైంది.

ఆ చికాకు ఏమిటంటే... రాతిలో ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు సీసం ప్రయోగశాలలో కనిపించేది. కుళాయి నీళ్లలో ఉంది. గోడ రంగులో ఉంది. బల్ల మీది దుమ్ములో, మనిషి జుట్టులో, బట్టల్లో, స్వచ్ఛమని చీటీ అంటించి అమ్మే యాసిడ్‌లో... ఎక్కడ చూసినా సీసమే. ఇంత సీసం ఎక్కడి నుంచి వచ్చింది?

అనుమానం కార్ల మీదికి పోయింది. ఇంజన్ టకటకా కొట్టుకోకుండా సాఫీగా నడవడానికి 1923 నుంచి అమెరికాలో పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు పదార్థం కలిపేవారు. లీటరుకి అర గ్రాము పైచిలుకు సీసం. అదంతా పొగగొట్టంలోంచి గాలిలో కలిసేది. దాన్ని తయారుచేసే పరిశ్రమ తరఫు వైద్యుడు రాబర్ట్ కెహో వాదన ఏమిటంటే, మనిషి ఒంట్లో సీసం ఉండటం సహజమే, అనాది నుంచీ ఉన్నదే, ఓ హద్దు దాటనంత వరకూ భయం లేదు అని. దశాబ్దాల పాటు ఆ మాటే చెల్లింది. ఎందుకంటే కాదనడానికి 'అనాది' ఎలా ఉండేదో చూపించేవాళ్లు లేరు.

ప్యాటర్సన్ 1965లో రాసిన వ్యాసంలో, మామూలుగా కనిపించేదీ సహజమైనదీ ఒకటి కాదని వాదించాడు. అందరి ఒంట్లోనూ ఉన్నంత మాత్రాన అది సహజం అయిపోదని. చమురు పరిశ్రమ నుంచి ఆయన పరిశోధనకి వచ్చే డబ్బు ఆగిపోయింది. ఇక మిగిలింది రుజువు. కార్లు పుట్టకముందు, గనులు తవ్వకముందు గాలి ఎలా ఉండేదో దాచిపెట్టిన చోటు ఏదైనా ఉందా? ఉంది... గ్రీన్‌లాండ్ మంచు.

కోవా కాచినట్టే, కానీ...

శిబిరం పొగ సోకనంత దూరంలో ఓ చోట కొత్త పొరల కోసం గొయ్యి తవ్వారు. పాత పొరల కోసం శిబిరం దగ్గరే మంచులోకి వాలుగా దిగే సొరంగం ఉపయోగపడింది. అడుగు అడుగుకీ కాలం వెనక్కి పోతుంది. దిగగా దిగగా పద్దెనిమిదో శతాబ్దంలో కురిసిన మంచు. యాసిడ్‌తో కడిగిన రంపాలతో, ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, దిమ్మెలు దిమ్మెలుగా కోశారు. తొడుగు లేని చెయ్యి తగిలిందా, ఆ దిమ్మె పనికిరాదు. సాయానికి వచ్చిన సైనికులకి ఇది కాస్త వింతగానే తోచి ఉండాలి. వాళ్లకి మంచు కొరత ఏముంది!

అయినా ఇన్ని కిలోల మంచు ఎందుకు? ఇక్కడే రసాయన శాస్త్రంలోని ఓ చిన్న కిటుకు ఉంది. ఏ యంత్రానికైనా ఓ హద్దు ఉంటుంది. అంతకంటే తక్కువ ఉంటే దానికి కనిపించదు. పాత మంచులో కిలోకి ఒక నానోగ్రాము సీసం కూడా లేదు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. ఆ మంచుని ఉన్నది ఉన్నట్టుగా యంత్రానికిస్తే 'ఏమీ లేదు' అనే చెబుతుంది. అందుకని ముందు చిక్కబరచాలి. బోలెడు మంచులో ఉన్న సీసాన్నంతా ఒక్క బొట్టులోకి తేవాలి. చినగంజాం ఉప్పు మడుల్లో సముద్రపు నీళ్లని ఎండబెట్టి ఉప్పు తీస్తున్నామా... అలాగ. పాలు కాచి కోవా చేస్తున్నామా... అలాగ.

కానీ కోవా కాచిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన తంటా ఒకటుంది. పాలు మరిగి చిక్కబడతాయి సరే. పాలలో పడ్డ నలక ఎక్కడికి పోతుంది? అదీ కోవాలోనే ఉంటుంది. గిన్నె అడుగు మాడితే ఆ వాసనా కోవాకే. సీసం విషయంలో ఈ తంటా వెయ్యింతలు. మంచుని కరిగించిన పాత్ర నుంచి, పోసిన యాసిడ్ నుంచి, గదిలో గాలి నుంచి వచ్చే ప్రతి పిసరూ ఆ ఒక్క బొట్టులోకే చేరుతుంది. ఆ కాలపు అమెరికా పెట్రోలు ఒక్క లీటరులో ఉన్న సీసం, యాభై కోట్ల లీటర్ల పాత మంచు నీటిలో ఉన్న సీసానికి సమానం. అలాంటి పెట్రోలుని లక్షల కార్లు కాలుస్తున్న లాస్ ఏంజెలెస్ పక్కనే పాసడేనాలో ఉంది ప్యాటర్సన్ ప్రయోగశాల. ఇక ఎలా?

మడి కట్టుకున్నాడు! అవును, ఇంతకంటే సరైన మాట లేదు. అమ్మమ్మలు తడిబట్ట కట్టుకుని, ఎవరినీ తాకకుండా వంట చేసినట్టు... గదిలోకి వచ్చే గాలిని వడగట్టాడు. తలుపు తీసినా బయటి గాలి లోపలికి రాకుండా, లోపలి గాలే బయటికి తోసేలా ఒత్తిడి ఏర్పాటు చేశాడు. నేల తుడిచిందే తుడవడం. పాత్రల్ని రోజుల తరబడి వేడి యాసిడ్‌లో నానబెట్టడం. కొన్న రసాయనాల్ని నమ్మకుండా మళ్లీ తనే శుద్ధి చేసుకోవడం. జుట్టు కనబడకూడదు, బూట్లు లోపలికి రాకూడదు. అమ్మమ్మ మడికి ఆధారం నమ్మకం, ఆయన మడికి ఆధారం అంకె. అంతే తేడా.

మంచు నీళ్లని చిక్కబరచడానికి వాడింది డైథిజోన్ అనే పదార్థం. దీన్ని క్లోరోఫాంలో కలిపితే ఆకుపచ్చగా ఉంటుంది. సీసం దొరికితే ఇష్టంగా పట్టుకుని ఎర్రబడుతుంది. (ఇంత తక్కువ సీసానికి ఆ రంగు కంటికి కనిపించదనుకోండి.) క్లోరోఫాం, నీళ్లు కలవవు. నూనె, నీళ్లలాగ విడిపోతాయి. రెండింటినీ కలిపి బాగా కుదిపితే నీళ్లలోని సీసం క్లోరోఫాంలోకి వచ్చేస్తుంది. నీళ్లు పారబోసి, ఆ సీసాన్ని కాసిని యాసిడ్ చుక్కల్లోకి దింపి, ఆరబెట్టి, మాస్ స్పెక్ట్రోమీటర్‌కి ఇస్తారు. కిలోల మంచు అలా ఓ మరకంత అవుతుంది.

మరి దారిలో కొంత సీసం పోతే? పోతుంది కూడా! దానికో తెలివైన ఉపాయం ఉంది. బస్తాలో ఎన్ని బియ్యపు గింజలున్నాయో అన్నీ లెక్కపెట్టకుండా తెలుసుకోవాలనుకోండి. వెయ్యి ఎర్ర గింజలు అందులో వేసి, బాగా కలియబెట్టి, ఓ గుప్పెడు తీయాలి. అందులో ఎర్రవెన్ని, తెల్లవెన్ని చూస్తే చాలు, బస్తా లెక్క వచ్చేస్తుంది. గుప్పెడు చిన్నదైనా, దారిలో కొన్ని గింజలు ఒలికినా ఫరవాలేదు... నిష్పత్తి మారదు. సీసంలోనూ బరువు తేడాతో నాలుగు రకాల అణువులుంటాయి. వాటిలో ఒకే రకం దట్టంగా ఉన్న సీసాన్ని కొలిచి ముందే కరిగిన మంచులో కలుపుతారు. అదే ఎర్ర గింజ.

పోయినా పట్టింపు లేదు గానీ, చేరితేనే ముప్పు. బయటి నుంచి ఎవరో తెల్ల బియ్యం గుప్పెడు పోసేస్తే లెక్క తప్పుతుంది కదా! అందుకే ప్రతిసారీ ఓ ఖాళీ ప్రయోగం చేస్తారు. మంచు తప్ప మిగతా అన్నీ ఉంటాయి. అవే పాత్రలు, అదే యాసిడ్, అదే కుదుపు, అదే మనిషి. చివర ఎంత సీసం వచ్చిందో అది మంచుది కాదు, మనది. దాన్ని అసలు లెక్కలోంచి తీసేయాలి. అసలుకంటే ఇదే ఎక్కువ వస్తే ప్రయోగం చెత్తబుట్టలోకి. ఆ రోజుల్లో ఎన్నో పేరున్న ప్రయోగశాలలు సహజ సీసం అనుకుని కొలిచింది ఈ 'మనది'నే.

28 గ్రాముల నుంచి ఐదున్నర కిలోలకు

జపాన్ నుంచి వచ్చిన మురోజుమి, అమెరికాలోనే సముద్ర శాస్త్ర సంస్థలో పనిచేసే చౌ, ప్యాటర్సన్... ముగ్గురి పేర్ల మీద 1969లో ఫలితం వెలువడింది. క్రీస్తుకు 800 ఏళ్లకు పూర్వం కురిసిన మంచులో కిలోకి ఒక నానోగ్రాము లోపు. 1965 నాటి మంచులో రెండొందల నానోగ్రాములకు పైన. మళ్లీ మన టీఎంసీలోకి వస్తే, 28 గ్రాములకు లోపున్నది ఐదున్నర కిలోలు దాటింది. అన్నిటికంటే నిట్టనిలువుగా పెరిగింది 1940 తర్వాత. కార్లు విపరీతంగా పెరిగిన కాలమది. కార్లకి దూరంగా భూగోళం అటు చివర ఉన్న అంటార్కిటికా మంచులోనూ చూశారు. అక్కడ 1940కి ముందు చాలావరకు కొలతకే అందలేదు. ఆ తర్వాత కిలోకి ఇరవై నానోగ్రాముల దాకా కనిపించింది.

సీసం అనాది నుంచీ గాలిలో ఇంతే ఉందన్న మాట ఇక నిలబడలేదు.

1970ల మధ్య నుంచి అమెరికాలో పెట్రోలులో సీసం తగ్గిస్తూ వచ్చారు. 1970ల చివర్లో అక్కడి జనం నెత్తురులో సగటున డెసిలీటరుకి 12.8 మైక్రోగ్రాములున్న సీసం 1990ల మొదటికి 2.8కి దిగింది. సీసం ముందుగా దెబ్బతీసేది చిన్నపిల్లల మెదడుని. తెలివితేటలు తగ్గుతాయి, చదువు మీద నిలకడ పోతుంది. బయటికి రోగంలా కనిపించదు. పిల్లాడికి చదువు అబ్బలేదులే అనుకుంటాం. అదీ దీంతో వచ్చిన చిక్కు. ప్యాటర్సన్ 1995 డిసెంబరు 5న పోయాడు. సీసం కలిపిన పెట్రోలుని రోడ్డు వాహనాలకి అమెరికా పూర్తిగా నిషేధించింది 1996 జనవరి 1న. నెల కూడా ఆగలేకపోయాడు.

మన దగ్గర బంకుల్లో 'అన్‌లెడెడ్' అని బోర్డులు వెలిసిన రోజులు పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. 1995లో నాలుగు మహానగరాల్లో మొదలై, 2000 నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చేసింది. ప్రపంచంలో అందరికంటే ఆఖరున 2021లో అల్జీరియా ఆపింది. చిన్న పిస్టన్ విమానాల ఇంధనంలో మాత్రం ఇంకా కలుపుతూనే ఉన్నారు.

మంచు ఆ సంగతీ రాసుకుంది. గ్రెనోబుల్‌కి చెందిన క్లాడ్ బూట్రాన్ బృందం 1991లో చెప్పినదాన్ని బట్టి, గ్రీన్‌లాండ్ మంచులో సీసం ఇరవై ఏళ్లలో ఏడున్నర రెట్లు పడిపోయింది. వీళ్లది మరో పద్ధతి. కరిగిన మంచుని టెఫ్లాన్ పాత్రలో, బుడగ రాకుండా, మరగనివ్వకుండా, నెమ్మదిగా ఇగరబెట్టడం. రసాయనం ఏదీ ఎక్కువగా వాడకపోతే చేరే మురికీ తక్కువే కదా! లోతు నుంచి తీసిన కడ్డీకి మరో మెళకువ. డ్రిల్లు నూనె అంటుకున్న పై పొరని, దాని కింది పొరని, ఆ కిందిదాన్ని... ఉల్లిపాయ వొలిచినట్టు చలిగదిలో ఉలితో చెక్కుతూ ఒక్కో పొరా విడిగా కొలుస్తారు. లోపలికి పోయే కొద్దీ సీసం తగ్గి తగ్గి ఓ చోట నిలకడగా ఆగితేనే నడుమ భాగాన్ని నమ్ముతారు. ఆగకపోతే ఆ కడ్డీ అంతే సంగతులు.

రోమ్ వెండి, గ్రీన్‌లాండ్ పద్దు

దీవి నడినెత్తిన, 3,200 మీటర్ల ఎత్తులో ఉంది సమ్మిట్. 1992లో యూరప్ బృందం అక్కడ 3,029 మీటర్ల కడ్డీ తీసింది. ఆ మంచులో ఇంకో ఆశ్చర్యం. రెండు వేల ఏళ్ల కిందటే సీసం సహజ స్థాయికి నాలుగు రెట్లయిందని 1994లో తేలింది. కార్లు లేవు, కర్మాగారాలు లేవు... ఎవరి పని? గ్రీకులు, రోమన్లు. వెండి నాణేల కోసం ఖనిజాన్ని కొలుముల్లో కరిగిస్తే అందులోని సీసం పొగై లేచి ఇంత దూరం వచ్చి పడింది. సీసం అణువుల రకాల్ని బట్టి స్పెయిన్‌లోని రియో టింటో గనుల జాడని 1997లో పోల్చి చెప్పారు కూడా.

2018లో మరో కడ్డీ నుంచి వేలాది కొలతలు వచ్చాయి. యుద్ధాలొచ్చినప్పుడు, అంటువ్యాధులొచ్చినప్పుడు సీసం పడిపోతుంది. క్రీ.శ. 165లో రోమ్‌లో మహమ్మారి వ్యాపించినప్పుడు పడిన గీత చాలా కాలం లేవలేదు. చరిత్రకారులు రాతప్రతుల్లో వెతికేది మంచులో గీతలా కనిపిస్తోంది. ఇన్ని కొలతలు సాధ్యమవడానికి కారణం పద్ధతి మారడమే. ఇప్పుడు మంచు కడ్డీని వేడి పలక మీద నిలబెట్టి కింద నుంచి కరిగిస్తూ, శుభ్రమైన నడుమ భాగపు నీటిని సూటిగా యంత్రంలోకి పంపుతున్నారు. అంచుల నీటిని పారబోస్తారు. యంత్రాల చూపు అంత పదునెక్కాక, సీసానికైతే కోవా కాచే పని దాదాపు తప్పింది. మడి మాత్రం తప్పలేదు. 2019లో పదమూడు కడ్డీల్ని కలిపి చూస్తే, మధ్యయుగాల మొదటి నుంచి 1970ల వరకు ఆర్కిటిక్‌లో సీసం 250 నుంచి 300 రెట్లు పెరిగిందని, తర్వాత ఎనభై శాతం పైగా తగ్గినా ఇంకా పాత స్థాయికి అరవై రెట్లు ఉందని తేలింది.

క్యాంప్ సెంచరీ సంగతి? సైన్యం వెళ్తూ వెళ్తూ డీజిలు, మురుగు, ఇతర విషపదార్థాలు, కొద్దిపాటి రేడియోధార్మిక వ్యర్థం అక్కడే వదిలేసింది. మంచు ఎప్పటికీ కప్పి ఉంచుతుందనే ధీమా. భూమి వేడెక్కుతూ పోతే ఈ శతాబ్దం చివరికి అక్కడ కురిసే మంచుకంటే కరిగేదే ఎక్కువ కావచ్చని 2016లో ఓ అధ్యయనం హెచ్చరించింది. ఈ శతాబ్దంలో ఆ ప్రమాదం లేదని ఆ తర్వాతి అంచనా. 2024 ఏప్రిల్లో నాసా విమానం ఒకటి మీదుగా వెళ్తూ రాడార్‌తో చూస్తే, మంచు లోపల ఆ సొరంగాల ఆకారం తెరమీద కనిపించింది.

సమ్మిట్‌కి యాత్రికులు వెళ్లే వీల్లేదు. స్కీలు బిగించిన అమెరికా సైనిక రవాణా విమానం కంగెర్‌లుస్సువాక్ నుంచి పరిశోధకుల్ని తీసుకెళ్తుంది. మంచు మీద కొన్ని గుడారాలు, స్తంభాల మీద లేపి కట్టిన ఓ పెద్ద ఇల్లు. వెళ్లినవాళ్లకి మొదట చెప్పేది భోజనం ఎక్కడో కాదు, ఎటువైపు అడుగు పెట్టకూడదో. గాలి వచ్చే దిక్కున కొంత మేర 'శుభ్రమైన మంచు' అని గీత గీసి ఉంటుంది. అటు బండి పోకూడదు, పొగ పోకూడదు, ఊరికే నడవనూ కూడదు. మంచు నమూనా కావలసినవాళ్లు తెల్ల తొడుగులు వేసుకుని, సామాను చేత్తోనే మోసుకుంటూ ఆ గీత దాటతారు. గాలికి ఎదురుగా నిలబడి, చేతులు బారజాపి, తమ ఊపిరి కూడా మంచు మీద పడకుండా సీసాలోకి తీసుకుంటారు.